వంగకూడని మైదానం

కోతి కనపడితే ఏం చేయాలో నాకు నేర్పింది మా కొండాపూర్ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ యాదగిరి. మా వైపు కోతులు మెట్లెక్కి రావు, బాల్కనీల మీదుగా వస్తాయి. ఖాజాగూడ రాళ్లలో ఉండాల్సినవి, రాళ్లు తగ్గి అద్దాల మేడలు పెరిగాక ఇటు సర్దుకున్నాయని ఆయన సిద్ధాంతం.

"మేడం, కోతిని జూసి ఉరకొద్దు. కట్టె గూడ అవసరం లేదు. జర కిందికి వంగున్రి. రాయి తీస్తున్నరనుకొని అదే ఉరుకుతది. రాయి ఉందా లేదా అని అది చెక్ చెయ్యదు."

పెట్టుబడి లేని విద్య. చీరాలలో మా నాన్న స్టీలు సామాన్ల కొట్లో గిన్నెల మధ్య పెరిగినదాన్ని, నాకు నచ్చక ఏం చేస్తుంది? కొద్ది రోజుల్లోనే వంగడంలో ఆరితేరాను. ఆ విద్యను ఇథియోపియా దాకా మోసుకుపోయి అక్కడ పరువు పోగొట్టుకుంటానని మాత్రం అనుకోలేదు.

మా ఆడపడుచు కెజియా ఇథియోపియా కొండల్లో అడవి కోతుల్ని గమనించే శాస్త్రవేత్త. చర్చి దగ్గర ఎవరైనా అడిగితే మా అత్తగారు "మా అమ్మాయి రీసెర్చి" అంటారు. దేని మీద అని అడిగేలోపు చెప్పులు వెతుక్కోవడం మొదలుపెడతారు. నాకూ కెజియాకూ గొడవలేం లేవు. నా పెళ్లిలో ఆమెకు పెట్టిన పట్టుచీర నేను ఎంతకు తగ్గించి కొన్నానో ఆమెకు తెలుసు. తెలుసని నాకు తెలుసు. అప్పటి నుంచి ఇద్దరం ఎప్పుడూ ఎదురెదురుగానే కూర్చుంటాం. ఒకరికి వీపు చూపించేంత ధైర్యం ఇంకొకరు చేయలేదు.

నేను హైటెక్ సిటీలో ఒక కంపెనీకి కుర్చీలు, కాఫీ మిషన్లు, క్యాబులు బేరమాడి పెట్టే ఉద్యోగిని. వాడుకోని సెలవులు డిసెంబరు ఆఖరుకు పోతాయని ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ఊరికే పోయేదాన్ని చూస్తూ కూర్చోవడం మా వంశంలో లేదు. అదే వారం కెజియా సహాయకుడు కాలు విరగ్గొట్టుకుని ఇంటికి వెళ్లిపోయాడు. "ఒక్కదాన్నీ ఉండకూడదని రూలు. పక్కన కూర్చునే మనిషైతే చాలు, ఏమీ రాకపోయినా ఫర్వాలేదు" అని ఆమె వాళ్లన్నకు ఫోన్ చేసింది. వాళ్లన్న నా వైపు చూశారు. మా అత్తగారు అప్పటికే గోంగూర పచ్చడిని స్టీలు డబ్బాలోకి ఎత్తుతున్నారు.

అడిస్ అబాబా: శాలువా బేరం

నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన మనిషి తఫెరా. కెజియా కోతులుండే కొండమీద ఊరుమ్మడి పచ్చికకు కాపలాదారు. యాత్రికులతో తిరిగి ఇంగ్లీషు పట్టుకున్నాడు. నా స్వెటర్ చూసి పెదవి విరిచి, "గాబీ కొనుక్కోండి" అని బజారుకు తీసుకెళ్లాడు. గాబీ అంటే చేనేత నూలు దుప్పటి. పగలు కప్పుకుంటారు, రాత్రి కప్పుకుని పడుకుంటారు.

మా నాన్న సూత్రం ఒకటే. కావాల్సినదాన్ని చూడకు, దానికి వీపు పెట్టి పక్కదాన్ని చూడు. నేను తెల్లటి దుప్పట్లకు వీపు పెట్టి బుట్టలు చూశాను. కొట్టావిడ కాలిక్యులేటర్ మీద ఒక అంకె నొక్కి చూపించింది. నేను జాలిగా నవ్వి సగం నొక్కాను. ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. నేను కాలు బయట పెట్టాను. పిలిచింది. మళ్లీ బుట్టల దగ్గరికి వెళ్లాను. అక్కడ బిర్రు మన రూపాయి కంటే చిన్నది, అయినా తగ్గించినప్పుడు వచ్చే తృప్తి మాత్రం సమానం. చివరికి ఆవిడ దుప్పటి మడిచి నా చేతిలో పెట్టి, పక్క కొట్టామెతో ఏదో అంది. ఇద్దరూ నవ్వారు. గెలిచినవాళ్లను చూసి ఓడినవాళ్లు అలాగే నవ్వుతారనుకున్నాను.

కారు ఊరు దాటాక తఫెరా గొంతు సవరించుకున్నాడు. "గాబీ నాలుగు పొరలుంటుంది. మీరు కొన్నది రెండు పొరలు. ఎండలో చర్చికి వెళ్లేటప్పుడు తలమీద వేసుకునేది."

"అక్కడే ఎందుకు చెప్పలేదు?"

"మీరు గెలుస్తున్నారు. మధ్యలో ఎలా చెప్పను?"

దారిలో: క్రైస్తవుల ఊళ్లో పప్పు

మధ్యాహ్నం ఒక హోటల్లో ఆగాం. ఆ దారిలో అడుగడుక్కీ చర్చిలే. క్రిస్మస్ నెల కాబట్టి ఏ మేకమాంసమో దొరుకుతుందని ఆశగా కూర్చున్నాను. తఫెరా తల అడ్డంగా ఊపాడు. ఆ దేశంలో క్రిస్మస్ జనవరి ఏడున. దాని ముందు వారాల తరబడి ఉపవాసం. మాంసం, గుడ్డు, పాలు, వెన్న ఏవీ ముట్టరు. నా తిరుగు విమానం జనవరి మొదట్లోనే. అంటే మా క్రిస్మస్ వాళ్ల ఉపవాసంలో పోతుంది, వాళ్ల క్రిస్మస్ నాటికి నేను ఆఫీసులో ఉంటాను. రెండు క్రిస్మస్‌లు ఉన్న ప్రయాణంలో ఒక్కటీ దక్కకుండా టికెట్ కొన్న ఘనత నాది. అది చవగ్గా వచ్చింది మరి.

ఇంజెరా వచ్చింది. పులిసిన పిండితో పోసిన అట్టు, పళ్లెమంత వెడల్పు, తడిగుడ్డంత మెత్తన. మీద ఎర్రటి శనగపిండి జావ. ఇద్దరికీ ఒకే పళ్లెం. ఎంగిలి అని నేను వేళ్లు ముడుచుకునేలోపే తఫెరా ఒక ముద్ద చుట్టి నా నోటి ముందుకు తెచ్చాడు. అక్కడ అది మర్యాద. మా ఇంట్లో నా నోటికి ముద్ద అందించినవాళ్లు మా అమ్మ తర్వాత ఎవరూ లేరు. తిన్నాను. కారం మాత్రం మన గుంటూరు లెక్కే.

ఆల్మాజ్ ఇల్లు

కొండమీద చీకటి పడకముందే చలి పడింది. కెజియా అద్దెకున్నది ఆల్మాజ్ అనే రైతు ఇంట్లో. నా ఈడు మనిషి, పొడవుగా, నవ్వితే ఇల్లంతా వినపడేలా ఉంటుంది. గడప దగ్గర చెప్పులు విడవబోతే ఆవిడకు వింతగా ఉంది. "మేం చర్చికి మాత్రమే విడుస్తాం" అందట. మేమూ అక్కడ విడుస్తాం, ఆడవాళ్లం తలమీద ముసుగు వేసుకుని ఒకవైపు కూర్చుంటాం అని చెప్పాను. సముద్రం అవతల కూడా అలాంటి చర్చిలున్నాయా అని ఆవిడ నన్ను కొత్తగా చూసింది.

గింజలు మా కళ్లముందే వేయించి, దంచి, కాఫీ కాచింది. ఒక వాయి అయ్యాక లేవబోయాను. కెజియా నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "మూడు వాయిలుంటాయి. మూడోది దీవెన. అది తాగకుండా లేవకూడదు." ఊరికే వచ్చే దీవెన వదులుకునే మనిషిని కాను, కూర్చున్నాను.

మూడో వాయిలో అసలు సంగతి వచ్చింది. ఆల్మాజ్ చెబుతుంటే తఫెరా ఇంగ్లీషులో అందించాడు. పచ్చిక మైదానం అంచునే ఆవిడ బార్లీ చేను. ఆ ఎత్తులో పంట ఆలస్యంగా పండుతుంది, కోతకు ఇంకా కొన్నాళ్లుంది.

"మీ ఆడపడుచు మంచిది. కోతులకు మనుషులంటే భయం పోగొట్టింది. ఇక నా చేనంటే భయం ఎవరు పెడతారు?"

ఊరి పెద్దలు ముందే మాట తీసుకున్నారట. కోత లోపు కోతులు ఒక్కసారి చేలో దిగినా, కెజియా వాటి వెంట తిరగడం ఆపేయాలి. ఆమె పని ఆ ఏడు పుట్టిన కోతిపిల్లల మీద. తల్లులు వాటిని ఎవరి చేతికి ఇస్తాయి, ఎవరికి ఇవ్వవు అని చూడాలంటే చాలా దగ్గరగా కూర్చోవాలి. గుంపు అప్పుడప్పుడే ఆమెను ఓర్చుకుంటోంది.

"వచ్చే ఏడు చూసుకోవచ్చుగా" అన్నాను.

"వచ్చే ఏడుకి ఈ పిల్లలు పిల్లలు కావు, వదినా" అంది కెజియా.

ఆ రాత్రి నా రెండు పొరల శాలువాలో వణుకుతూ, బజారులో ఆ ఇద్దరు ఆడవాళ్లు ఎందుకు నవ్వారో పూర్తిగా అర్థం చేసుకున్నాను.

మొదటి ఉదయం

ఆ కోతుల పేరు గెలాడా. రాత్రిళ్లు కొండచరియ అంచుల్లో పడుకుని, ఎండ పొడవగానే ఒక్కొక్కటే మైదానంలోకి ఎక్కి వస్తాయి. మగవాటికి సింహం లాంటి జూలు. ఛాతీ మీద ఎర్రటి చర్మం, చొక్కా గుండీలు విప్పినట్టు. చెట్లెక్కవు, పళ్లు అడగవు. చతికిలబడి రెండు చేతులా గడ్డి పీక్కుని తింటూ, కూర్చున్న చోటు నుంచే పక్కకు జరుగుతుంటాయి. వందలకొద్దీ కోతులు ఏ తగాదా లేకుండా బంతిలో భోంచేస్తున్నట్టు ఉంటుంది.

కెజియా రూల్స్ చెప్పింది. తిండి పెట్టకూడదు, వాటి ముందు తినకూడదు. కళ్లలోకి చూడకూడదు. గట్టిగా మాట్లాడకూడదు. నేను అన్నిటికీ తలూపాను. అంతలో ఒక జూలుదొర గడ్డి పీక్కుంటూ జరుగుతూ నా బూటు దాకా వచ్చాడు. యాదగిరి నా వెన్నెముకలో లేచాడు. నాకు తెలియకుండానే వంగాను.

గోతం విప్పి బియ్యం కుమ్మరించినట్టు మైదానం మొత్తం చరియ కిందకు జారిపోయింది. గాలి, గడ్డి, మేం ముగ్గురం మిగిలాం.

"రాయి ఉందా చేతిలో?" అని అడిగాడు తఫెరా.

"లేదు."

"ఇక్కడ పశువుల కాపరులు కూడా ఇలాగే వంగుతారు. వాళ్ల చేతిలో ఉంటుంది."

కెజియా తన పుస్తకం మూసి సంచీలో పెట్టుకుంది. మా అత్తవారింట్లో అంతకు మించిన తిట్టు లేదు. ఇంటి దగ్గరికి వచ్చాక మాత్రం తనే అంది. "వంగొద్దని నేనే చెప్పాల్సింది. మనవాళ్లకు అది చేతి అలవాటని మర్చిపోయాను. నాకు కూడా మానడానికి చాలా రోజులు పట్టింది. కింద ఏదైనా తీసుకోవాలంటే ముందు కూర్చోండి, వదినా. కూర్చున్నాక తీసుకోండి."

సరోజినమ్మ గారి వీపు

తర్వాతి రోజుల్లో నా ఉద్యోగం ఏమీ చేయకుండా కూర్చోవడం. వినడానికి తేలికే. కొట్లో పెరిగిన మనిషికి ఎదురుగా ఎవరొచ్చినా "రండి, ఏం చూపించమంటారు" అని ముఖం దానంతటదే విచ్చుకుంటుంది. కోతులకు ఆ ముఖం నచ్చలేదు. నేను చూసిన వైపు ఖాళీ అయిపోయేది.

అప్పుడు మా నాన్న గుర్తొచ్చాడు. కావాల్సినదాన్ని చూడకు. నేను కోతులకు వీపు పెట్టి, ఎదురుగా ఉన్న కొండను బేరమాడుతున్నట్టు చూస్తూ కూర్చున్నాను. గడ్డిపోచలు తెంపి, నచ్చనట్టు పక్కన పడేశాను. మర్నాడు వెనక గడ్డి పీకుతున్న చప్పుడు దగ్గరైంది. ఇంకో రోజు పక్కకే వచ్చింది. చెవి చిరిగిన ఆడకోతి, పొట్టకు కరుచుకున్న పిల్ల. కెజియా దానికి ఏదో నంబరు పెట్టుకుంది. నేను సరోజినమ్మ గారని పెట్టాను. ఆ పేరున్నావిడ మా కొట్టుకు వచ్చి, గిన్నెలన్నీ తట్టి చూసి, కాఫీ తాగి, ఏమీ కొనకుండా పోయేది.

ఒక ఉదయం ఈ సరోజినమ్మ గారు నాకు చేయి చాచేంత దూరంలో కూర్చుని, అటు తిరిగి, తన వీపు నాకు అప్పగించింది. "దీనికి నాకు నెలలు పట్టింది" అంది కెజియా, సాయంత్రం ఇంటికొస్తూ. గొంతులో కొంచెం అసూయ ఉంది. చీరలో మిగిల్చుకున్న దానికంటే నాకు అదే ఎక్కువ సంతోషాన్నిచ్చింది.

డిసెంబరు ఇరవై ఐదు ఆ ఊళ్లో మామూలు రోజు. పొద్దున్న కోతులు, మధ్యాహ్నం పప్పు. సాయంత్రం స్టీలు డబ్బా తెరిచి గోంగూర పచ్చడి పెట్టాను. ఆల్మాజ్ అనుమానంగా వాసన చూసి, ఇందులో వెన్న ఉందా, గుడ్డుందా అని అడిగింది. ఆకు, కారం, వెల్లుల్లి, నూనె అన్నాం. అయితే ఉపవాసానికి చెల్లుతుందని ఇంజెరాతో లాగించి, కళ్లు తుడుచుకుని, ఇంకా పెట్టమంది. మా ఇంట్లో ఫోన్లో క్యారల్స్ పాడుతున్నారు, ఇక్కడ ఆల్మాజ్ ముక్కు చీదుతోంది. పండగ లోటేమీ కనపడలేదు.

బార్లీ గట్టు

మైదానంలో గడ్డి ఎండుతున్నకొద్దీ గుంపు రోజూ కొంచెం కిందకు దిగేది. ఆల్మాజ్ గట్టు మీద నిలబడి ఉంటే అటు పోయేవి కావు. గబ్రియేలు దూత పండగనాడు తఫెరాతో సహా ఊరు ఊరంతా తెల్లబట్టలు కట్టుకుని చర్చికి పోయింది. చేను దగ్గర మనిషి లేడు.

కెజియా గుంపు మధ్యలో కూర్చుని ఉంది. నేను దిగువన, గట్టుకు దగ్గరలో ఉన్నాను. సరోజినమ్మ గారు పిల్లను వీపున వేసుకుని, తలెత్తి, పండిన బార్లీని చూసింది. బేరం అక్కర్లేని సరుకును చూసిన చూపు అది. లేచి నడిచింది. దాని వెనకే ఇంకో నాలుగు కదిలాయి.

కెజియా నా వైపు తిరిగింది. మైదానంలో ఆమె ఎప్పుడూ అలా చూడదు.

"వదినా, నేను లేవలేను."

ఆమె లేచి తరిమితే నెలల పని పోతుంది. లేవకపోతే చేనూ పోతుంది, పనీ పోతుంది.

మా కొట్లో మా నాన్న ఒక గల్లా పెట్టె దగ్గర, మా చిన్నాన్న ఇంకో చివర కూర్చునేవారు. ధర దగ్గర నాన్న కసురుకునేవాడు. ఆ కొనేవాళ్లు చిన్నబుచ్చుకుని వెళ్లి చిన్నాన్న పక్కన కూర్చునేవాళ్లు. ఇద్దరిలో ఒకడు చెడ్డవాడైతేనే కొట్టు నడుస్తుందని, ఆ ఇద్దరికీ సంబంధం ఉన్నట్టు కనపడకూడదని మా నాన్న అనేవాడు.

"నువ్వు కదలకు. నా వైపు చూడకు. నేనెవరో నీకు తెలీదు" అన్నాను.

గట్టెక్కి, సరోజినమ్మ గారికి ఎదురుగా నిలబడ్డాను. ఆమె నన్ను చూసి ఆగలేదు. నేనెవరో ఆమెకు తెలుసు కదా. అప్పుడు వంగాను.

ఆమె పైపెదవి తిరగేసి, చిగుళ్లన్నీ నాకు చూపించింది. అరిచింది. గుంపు మొత్తం వెనక్కి, ఎగువకు పరుగెత్తింది. అక్కడ కెజియా నాకు వీపు పెట్టి, గడ్డి పీకుతూ, నేను పుట్టనేలేదన్నట్టు కూర్చుని ఉంది. ఇక అవి చరియలోకి దూకేస్తాయనే అనుకున్నాను. దూకలేదు. పరుగు నడకైంది. ఒక్కొక్కటే ఆమె అవతలి పక్కకు చేరి, ఆమెను నాకు అడ్డం పెట్టుకుని కూర్చున్నాయి. సరోజినమ్మ గారైతే ఆమె మోకాలికి ఆనుకున్నంత పని చేసింది.

కోత అయ్యేదాకా రోజూ పొద్దున్నే నేను ఆ గట్టు మీదే నిలబడ్డాను. ఆఫీసులో నలభై మంది వెండర్లను వణికించే మనిషిని, ఇథియోపియాలో జీతం లేని దిష్టిబొమ్మగా పనికొచ్చాను. నన్ను చూడగానే గుంపు ఎగువకు జరిగేది, కెజియా దగ్గరికి. పిల్లలు ఆమె బూటు తాళ్లు లాగేంత దగ్గరికి వచ్చాయట. నాకు దూరానికి చుక్కల్లా కనపడేవి. ఇంత కష్టపడి సంపాదించిన వీపును ఒక్కసారి వంగి పోగొట్టుకున్నానని రోజంతా లెక్కేసుకునేదాన్ని. ఆ లెక్క ఎటు నుంచి వేసినా నష్టమే వచ్చేది.

ఒక ఉదయం కోతులు పైకెక్కి రాకముందే కెజియా గట్టు దాకా వచ్చి, తన నాలుగు పొరల గాబీ తీసి నా భుజాల మీద వేసింది. నా పల్చటి శాలువా లాక్కుని తను కప్పుకుంది.

"ఇది చలికి ఆగదు వదినా. నువ్వు నిలబడేదానివి, నీకు గాలెక్కువ" అని వెళ్లిపోయింది.

ఆల్మాజ్ చుట్టాలందరూ వచ్చి, పాడుకుంటూ చేను కోశారు. ఆ రాత్రి ఆవిడ వేయించిన బార్లీ గింజలు గుప్పెడు తెచ్చి, అందరి ముందు నా నోట్లో పోసింది. మూడో వాయి కాఫీ దాకా ఎవరూ లేవలేదు.

రోడ్డు మీద

బయల్దేరే పొద్దున తఫెరా కారును మైదానం పక్కన ఆపాడు. గుంపు రోడ్డుకు అంత దూరంలో ఏం లేదు. మధ్యలో నా చవక శాలువా తెల్లగా కనపడుతోంది. దాని పక్కన చిరిగిన చెవి.

"పిలవనా?" అన్నాడు తఫెరా.

"వద్దు."

"మీరొచ్చినట్టు ఆమెకు తెలీదేమో."

"తెలుసు."

కారు చప్పుడు వినగానే తెలిసి ఉంటుంది. సరోజినమ్మ గారు నన్ను గుర్తుపట్టి లేచి నిలబడింది. ఇంకో రెండు తలలు లేచాయి. కెజియా తిరగలేదు. గడ్డిలోనే కొంచెం పక్కకు జరిగి, తన వీపు మొత్తం నా వైపు ఉండేలా సర్దుకుని కూర్చుంది. సరోజినమ్మ గారు ఆ వీపును చూసింది, నన్ను చూసింది, మళ్లీ ఆ వీపును చూసింది.

నా చేతిలో ఖాళీ పచ్చడి డబ్బా ఉంది. దాని మూత జారి, మా నాన్న కొట్లో పడినంత చప్పుడుతో రోడ్డు మీద పడింది. తఫెరా నా వైపు చూశాడు.

నేను ముందు ఆ మట్టిరోడ్డు మీద చతికిలబడి కూర్చున్నాను. కూర్చున్నాక మూత తీసుకున్నాను. మైదానంలో సరోజినమ్మ గారు కూడా కూర్చుంది.